ఐసు వేయకూడని పెట్టె

ఐసు గడ్డను గోనెసంచిలో చుట్టి సుత్తితో కొట్టే చప్పుడు వింటే నేను ఇప్పటికీ చేతిలో పని వదిలేసి అటు తిరుగుతాను. పెళ్లిళ్లలో కూల్‌డ్రింకుల తొట్టి దగ్గర ఆ చప్పుడు మొదలుకాగానే మా చెల్లెలు నా మొహం వంక చూసి నవ్వుతుంది. "రిటైరయ్యావు గదే, ఇంకా ఏంది నీకీ బాధ?" అంటుంది. దాని దృష్టిలో నేను పుట్టు పిరికిదాన్ని. ఆఫీసులో కూడా నాకు అదే పేరు. ల్యాబుకు తాళం వేసి మెట్లు దిగాక మళ్లీ ఎక్కి తాళం లాగి చూసే మనిషిని. ఇంక్యుబేటరు లైటు వెలుగుతోందో లేదో చూడమని సెలవురోజున వాచ్‌మన్‌కి ఫోన్ చేసి తిట్లు తిన్న మనిషిని.

ఈ మధ్య ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు కనబడినప్పుడు "మేడం, మీ సర్వీసులో గొప్ప కేసు ఏది?" అని అడుగుతున్నారు. గొప్ప కేసులు డాక్టర్లకు ఉంటాయి నాయనా, ల్యాబ్ టెక్నీషియన్లకు ఉండవు. మాకుండేవి సీసాలు, వాసనలు. కానీ ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని గడిపిన కేసు ఒకటుంది. అదే చెబుతాను, వినండి.

అప్పటికి మా నెల్లూరు జిల్లాకు సొంత ల్యాబు వచ్చి ఎంతో కాలం కాలేదు. అంతకుముందు పల్లెల్లో ఎక్కడైనా తేడాగా జబ్బు పుడితే శాంపిళ్లు దూరంగా ఉన్న పెద్ద ఊరికి పంపేవాళ్లం. రిపోర్టు వచ్చేసరికి రోగి ఇంటికన్నా వెళ్లిపోయేవాడు, కాటికన్నా వెళ్లిపోయేవాడు. మాకిచ్చిన గది ఒకప్పుడు విరిగిన మంచాలు పడేసే గది. వాటిని బయటికి ఈడ్పించి, గోడలకు సున్నం వేయించి, ఇంక్యుబేటరు, ఫ్రిజ్జు, ఇన్వర్టరు పెట్టుకున్నాం. ఇన్వర్టరు మూడ్ బాగున్నప్పుడు పని చేసేది. మా మీద డాక్టరుగా వచ్చిన అమ్మాయి వయసులో నా కూతురంత ఉంటుంది. నన్ను మేడం అనేది, నేను డాక్టరమ్మా అనేదాన్ని. ఇద్దరం కలిసి ఊళ్లలోని ఆశా వర్కర్లకు, నర్సులకు శిక్షణ ఇచ్చేవాళ్లం. ఎవరికి ఏ లక్షణం కనబడితే మాకు ఫోన్ చేయాలి, శాంపిల్ ఎలా తీయాలి, ఎలా పంపాలి, ఇవే పాఠాలు. 

అందులో ఒక పాఠం మీరు గుర్తుపెట్టుకోవాలి. డెంగీ లాంటి జ్వరాలకు తీసిన రక్తాన్ని చల్లగా పంపాలి. కలరా అనుమానంతో తీసిన విరేచనం శాంపిల్‌కు మాత్రం ఐసు తగలకూడదు. ఆ క్రిమి ల్యాబుకు ప్రాణంతో రావాలి. అప్పుడే దాని మేత పోసిన గాజు పళ్లెంలో పెరుగుతుంది, మా కంటికి కనబడుతుంది. చలికి చచ్చిపోతే పళ్లెం ఖాళీగా ఉంటుంది. ఈ సంగతి మేము చెప్పాం, వాళ్లు తలలు ఊపారు.

కోట అనే ఊరికి తూర్పున, సముద్రానికీ ఉప్పుకాలువకీ మధ్య ఇసుకలో ఒక పట్టపు పల్లె ఉంది. అందరూ సముద్రం మీద చేపల వేటకు వెళ్లేవాళ్లే. అక్కడ బోరు వేస్తే ఉప్పునీళ్లు. తాగడానికి ఉన్నదల్లా దొరువు. ఇసుకలో గుంత తవ్వితే పైపైన ఊరే తియ్యటి వాననీళ్లు నిలుస్తాయి, దాన్నే దొరువు అంటారు. ఆ నీళ్లంటే ఆ ఊరికి ఎంత గర్వమో చెప్పలేను. చుట్టాలు వస్తే కాఫీ కన్నా ముందు గ్లాసుడు దొరువు నీళ్లు చేతికిస్తారు. మేము శిక్షణకు వెళ్లినప్పుడు మాకూ ఇచ్చారు. నిజంగానే తియ్యగా ఉన్నాయి.

ఆ ఊరి ఆశా వర్కరు నన్ను అక్కా అని పిలిచేది. ఆమె భర్త ఆ ఊరికి కాపు, అంటే పెద్దమనిషి. మాట తక్కువ, మీసం ఎక్కువ. శిక్షణలో చెప్పినవన్నీ ఆమె ఇంటికి వెళ్లి భర్తకు ఒప్పజెప్పేదట. 

ఆ ఏడు వానలు విడవకుండా కొట్టాయి. ఊరి మురుగు, కాలువ నీళ్లు కలిసి ఇసుక మీద నిలిచాయి. ఒకరోజు పొద్దున్నే ఆమె ఫోన్ చేసింది.

"అక్కా, మా మరిది పొయ్యినాడక్కా."

"ఏమైందమ్మా?"

"నిన్న వేట నుంచి బాగానే వొచ్చినాడు. ఉన్నట్టుండి ఒకటే విరేచనాలు. బియ్యం కడిగిన నీళ్ల మాదిరి పొయినాయక్కా. చూస్తా ఉండంగానే కళ్లు గుంతలు పడినాయి, పిక్కలు లాక్కపోయినాయి. పడవలో ఎక్కించుకోని ఆస్పత్రికి పోతాంటే దోవలోనే..."

"ఇంకెవరికైనా ఉందా?"

"మా వీధిలోనే నలుగురైదుగురికి పట్టుకోనుండాది."

బియ్యం కడిగిన నీళ్లు అనే మాట పుస్తకంలో చదివాను, ఆశా వర్కర్లకు పాఠంగా చెప్పాను. ఒక మనిషి తన ఇంట్లో చావు గురించి చెబుతూ ఆ మాట అనగా వినడం అదే మొదటిసారి. వలలు లాగే వయసు మనిషి ఒక్క రోజులో ఎండిపోయి చనిపోయాడంటే దానికి కారణాలు ఎన్నో ఉండవు. దొరువు నీళ్లు ఎవరూ ముట్టవద్దని, ఓఆర్ఎస్ పొడి కలిపిన నీళ్లు తాగిస్తూనే ఉండమని, నర్సు చేత శాంపిళ్లు తీయించి పంపమని చెప్పాను. 

ఆమె ఆ మాట భర్తకు చెప్పింది, దొరువు నీళ్లు ఎవరూ ముట్టకూడదని కాపు దురాయి వేశాడు. దురాయి అంటే ఆ పల్లెల కట్టుబాటు. కాపు ఒక మాట అన్నాడంటే ఊరంతా లోబడాల్సిందే. వేటకు పోవద్దంటే ఒక్క పడవ కదలదు. మైకు పెట్టి మేము ఎంత అరిచినా ఆగి ఉండని బిందెలు, ఆయన ఒక్క మాటతో ఆగిపోయాయి. ఆడవాళ్లు ఇసుకలో పడి పక్క ఊరికి నడిచి నీళ్లు మోసుకున్నారు. పెళ్లాం మాట విని ఊరికి నీళ్లు ఆపినాడని రచ్చకట్ట దగ్గర నవ్వుకున్నారట. తమ్ముణ్ని పోగొట్టుకున్న మనిషి ఆ నవ్వు కూడా మోశాడు.

కాలువ పొంగి దారి మునిగిపోవడంతో మా జీపు అటు వెళ్లలేకపోయింది. శాంపిళ్ల పెట్టె పడవ మీద కాలువ దాటి రేవుకు చేరి, అక్కడి నుంచి చేపల వ్యాను ఎక్కి నెల్లూరు వచ్చింది. మార్కెట్లో సరుకు దింపాక ఆ వ్యాను మనిషే పెట్టెను ల్యాబు దాకా తెచ్చి ఇచ్చి పోయాడు. పెట్టె పొడిగా ఉంది, మూత సరిగ్గా బిగించి ఉంది. ట్యూబుల మీద చీటీల సిరా మాత్రం కాస్త కారింది. "వానలో వచ్చింది కదా మేడం" అంది డాక్టరమ్మ. వాన నిజంగానే పడుతోంది. 

పళ్లేల్లో వేశాం, ఇంక్యుబేటరులో పెట్టాం, కాచుకున్నాం. ఏమీ పెరగలేదు. మరో పద్ధతిలో మళ్లీ వేశాం. అప్పుడూ లేదు. కలరా క్రిమి కనబడలేదని రిపోర్టు రాసి డాక్టరమ్మ సంతకం పెట్టింది.

మా జిల్లా అంటురోగాల ఆఫీసరుగారు ఆ కాగితం చూసి కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన చెడ్డవారు కాదు. రోజుల తరబడి పైనుంచి వచ్చే ఫోన్లకు జవాబు చెప్పలేక నలిగిపోయిన మనిషి. "హమ్మయ్య" అన్నారు. నేను అక్కడే నిలబడి ఉండటం చూసి "ఇంకా ఏమిటండీ?" అన్నారు.

"సార్, ఆ మనిషి పోయిన తీరు చూస్తే నాకు నమ్మకం కుదరడం లేదు. ఇంకోసారి శాంపిళ్లు తెస్తాను."

"మన ల్యాబు రిపోర్టును మీరే నమ్మకపోతే ఎలాగండీ?"

లోపల గుబులు తప్ప చేతిలో ఏ రుజువూ లేదు. ఆయన నా మొహం చూసి, "సరే, రేపు దారి తెరుచుకుంటుందట, వెళ్లి రండి. ఊళ్లో మాత్రం కలరా మాట ఎత్తకండి, జనం బెదిరిపోతారు" అన్నారు.

ఆ సాయంత్రం ఆశా వర్కరు మళ్లీ ఫోన్ చేసింది.

"రిపోర్టు మంచిగా వొచ్చిందంట గదక్కా. సర్పంచి చెప్పినాడు. మాయన దురాయి ఎత్తేసినాడు. రేపు మా మరిది దినం. పులికాటు పక్కనుంచి, అల్లూరు దిక్కు నుంచి అందరూ వస్తాండారు."

"దొరువు నీళ్లతోనేనా వంట?"

"మరేందక్కా? ఒకరోజు ఆగుదామన్నా నేను. కాయితం వొచ్చినాక కూడా ఏందే నీ గోల అన్నాడు. ఇంటికొచ్చినోళ్లకి నీళ్లు లేవనేది యాడన్నా ఉండాదా అన్నాడు."

ఆ ఊరివాళ్లు తాగితే ఆ ఊరి వరకే. దినానికి వచ్చేవాళ్లు కాలువ వెంట, సముద్రం వెంట ఉన్న పల్లెలన్నింటివాళ్లు. భోజనం చేసి, నీళ్లు తాగి, సాయంత్రానికి ఎవరి ఊరికి వాళ్లు వెళ్లిపోతారు. ఆ తర్వాత జబ్బు ఎక్కడుందని వెతకాలి? ఆ పల్లెల్లో చాలావాటికి వానల్లో పడవ తప్ప దారి లేదు. దొరువులో బ్లీచింగ్ వేశారు నిజమే, కానీ అది ఊట. వేసిన మందు వేసినట్టే పలచబడిపోతుంది. రిపోర్టు వచ్చాక, వాసన వేస్తోందని అది కూడా మానేశారట. నాకు ఆ రాత్రి సరిగా కన్ను మూతపడలేదు. మూతపడినప్పుడల్లా బిందెలు కనబడ్డాయి.

పొద్దున్నే జీపులో బయలుదేరాను. ఊరికి ముందు పడవల రేవు వస్తుంది. అక్కడ గోనెసంచిలో ఐసు కొడుతున్నారు. కొడుతున్న మనిషి నన్ను చూసి సుత్తి పక్కన పెట్టి నవ్వుతూ వచ్చాడు. ఆ రోజు పెట్టె తెచ్చి ఇచ్చిన వ్యాను మనిషి.

"మేడం, మొన్న మీ పెట్టె బాగా వొచ్చిందా?"

"వచ్చింది నాయనా. జాగ్రత్తగా తెచ్చావు."

"తేకుండా ఎట్టా? కాపన్న తమ్ముడి సంగతి గదా. నా చేపలకి తక్కువైనా పరవాలేదని పెట్టెని అడుగున పెట్టి నిండా ఐసు కప్పినా. ఉప్పు కూడా చల్లినా, గట్టిగా పట్టుకోవాలని. మార్కెట్లో తీసి, శుభ్రంగా తుడిచి మీకిచ్చినా."

ఆ మాటకు నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఉప్పు చల్లిన ఐసు మామూలు ఐసు కన్నా చల్లన, అందులో అంతదూరం! లోపలి ట్యూబులు గడ్డకట్టుకుపోయి ఉంటాయి. మార్కెట్లో వ్యాను ఖాళీ అయ్యేదాకా ఆగి మా దగ్గరికి వచ్చేసరికి మళ్లీ కరిగిపోయి ఉంటాయి. మాకు కనబడినదల్లా కారిన సిరా.

అతన్ని ఏమని తిట్టను? ఆ తీరంలో ఒక వస్తువును గౌరవంగా చూసుకోవడం అంటే దానికి ఐసు వేయడమే. పుట్టిన దగ్గర్నుంచి వాళ్లు చూసింది అది. ఐసు లేకపోతే పట్టిన చేప మట్టిపాలు, రాత్రంతా పడిన కష్టం మట్టిపాలు. మాకు సాయం చేయాలని తన చేపల ఐసు తీసి మా పెట్టెకు వేశాడు. ఆశా వర్కరుకు పాఠం చెప్పాం, నర్సుకు చెప్పాం. మధ్యలో వ్యాను మనిషి ఒకడు వస్తాడని మా పాఠంలో లేదు.

డాక్టరమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

"మేడం, అయితే మన రిపోర్టుకు అర్థం లేదు" అంది.

"సార్ ఆ మాట ఎత్తవద్దన్నారమ్మా."

"మీరు కలరా ఉందని చెప్పకండి. మనకది తెలియదు కదా. రిపోర్టు చెల్లదని చెప్పండి. సంతకం నాది, నేనే వెనక్కి తీసుకుంటాను. సార్‌తో నేను మాట్లాడతాను." వయసుకు నా కూతురంత అమ్మాయి. కానీ ఆ మాట అన్నది. మీలో రేపు సంతకాలు పెట్టేవాళ్లు ఉంటారు, అందుకని చెబుతున్నాను.

ఊళ్లోకి వెళ్లేసరికి షామియానా వేసి ఉంది. దేకిశాలలో అన్నం ఉడుకుతోంది. డ్రమ్ముల నిండా నీళ్లు. పడవలు ఒక్కొక్కటే ఒడ్డుకు వస్తున్నాయి, తెల్ల పంచెలు, పిల్లల్ని చంకనెత్తుకున్న ఆడవాళ్లు దిగుతున్నారు. కాపు ఎదురొచ్చాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, లోపలికి కేక వేశాడు. ఎవరో స్టీలు గ్లాసులో నీళ్లు తెచ్చి ఆయన చేతికిచ్చారు, ఆయన నా చేతికిచ్చాడు.

"తాగండమ్మా. మీ కాయితం వొచ్చినాకనే దురాయి ఎత్తినా. మొన్నంతా నన్ను చూసి నవ్వినోళ్లు వీళ్లంతా. మీరు ఒక గుక్క తాగినారంటే వాళ్ల నోళ్లు మూతపడతాయి."

చుట్టూ జనం నిలబడ్డారు. వ్యాను మనిషి కూడా మా వెనకే మోటారు సైకిల్ మీద వచ్చి అక్కడే నిలబడ్డాడు. నీళ్లు తేటగా ఉన్నాయి. అడుగున గ్లాసు కొన్న షాపు ముద్ర కూడా కనబడుతోంది. నేను ఆ గ్లాసు నోటి దాకా తీసుకెళ్లాను, పిల్లలారా. అంతమందిలో కాదనలేక, చావు ఇంట్లో ఆ మనిషిని అవమానించలేక తీసుకెళ్లాను. పెదవికి తగలకముందే చెయ్యి వణికి నీళ్లు ఒళ్లో ఒలికాయి. గ్లాసు కింద పెట్టేశాను.

కాపు నా చెయ్యినే చూస్తున్నాడు.

"ఏందమ్మా?" అన్నాడు.

"తాగలేనన్నా. నాకు భయంగా ఉంది."

"లేదన్నది మీరే గదా?"

"మా రిపోర్టు చెల్లదన్నా. ఉందో లేదో మాకు తెలియదు."

"తెలీదంటే?" ఆయన గొంతు మొదటిసారి పెరిగింది. "గవర్నమెంటోళ్లు తెలీదంటే ఎట్టా? అంత పెద్ద ల్యాబు పెట్టుకోని, నా పెళ్లానికి పాఠాలు చెప్పి, ఊరికి నీళ్లు ఆపించి, మళ్లీ లేదని కాయితం పంపించి, ఈరోజు నా తమ్ముడి దినం పూట వొచ్చి తెలీదంటారా?"

క్రిమి అని, చలి అని ఏదో మొదలుపెట్టాను. నా మాటలు నాకే అర్థం కాలేదు. అప్పుడు పొద్దున రేవులో చూసిన తడి గోతాలు గుర్తొచ్చాయి. మద్రాసు పంపే పీతలు వాటిలో కదులుతున్నాయి.

"అన్నా, మీరు పీతల్ని మద్రాసు ఎలా పంపుతారు?"

"ఏందీ?"

"ఐసులో పెడతారా?"

"పీతని ఐసులో ఎవురన్నా పెడతారా? చచ్చిపోదూ? తాడుతో కట్టి, తడి గోతంలో పెట్టి పంపిస్తాం. అది కదల్తా ఉంటేనే అక్కడ కొనేది."

"మా పెట్టెలో ఉన్నది చేప కాదన్నా, పీత. అది కదిలితేనే మాకు కనబడుతుంది. దారిలో దానికి ఐసు పడింది. మా దగ్గరికి చచ్చి వచ్చింది. చచ్చినదాన్ని చూసి మేము లేదని రాశాం."

వ్యాను మనిషి ఇసుకలో కూలబడి తల పట్టుకున్నాడు. కాపు అతని వైపు చూశాడు, మళ్లీ నా వైపు చూశాడు. డ్రమ్ముల వైపు చూశాడు. అప్పటిదాకా గుమ్మంలో నిలబడి ఉన్న ఆయన భార్య ఇసుకలో పరిగెత్తినట్టు వచ్చి నా భుజం పట్టుకుంది.

"అక్కా, ఈయన తాగినాడక్కా."

నాకు అర్థం కాలేదు.

"నీళ్ల మీద దురాయి ఎత్తాలంటే, ఏసినోడు అందరి ముందరా తాగి ఎత్తాలక్కా. అది మా కట్టు. నిన్న సాయంత్రం చెంబుడు తాగినాడు."

ఆ క్షణంలో నాకు కలిగిన భయం లాంటిది నా సర్వీసులో మరోటి లేదు. మా కాగితాన్ని నమ్మి తాగాడు ఆ మనిషి. మేము సంతకం పెట్టిన మాటను ఆయన కడుపులోకి తీసుకున్నాడు. కాపు మాత్రం భార్య వైపు చెయ్యి చూపించి ఊరుకోమన్నాడు. తలగుడ్డ తీసి భుజాన వేసుకున్నాడు. షామియానా మధ్యకు వెళ్లి, పడవలు దిగి వస్తున్న చుట్టాలకు వినబడేలా అరిచాడు.

"అబ్బయ్యా, అమ్మా, అందరూ వినండి. మా ఊళ్లో నీళ్లు తాగబాకండి. ఎసట్లో పడిన నీళ్లు తప్ప, చేతులు కడుక్కునేదానికి కూడా ముట్టబాకండి. దురాయి మళ్లీ ఏసినా. ఇంటికొచ్చినోళ్లకి నీళ్లియ్యలేకపోతాండా. నా తమ్ముడి పేరు చెప్పి మన్నించండి."

అంత పెద్ద మీసం మనిషి ఆ చివరి మాటకు రెండు చేతులూ జోడించాడు. ఎవరూ నవ్వలేదు. కుర్రవాళ్లు డ్రమ్ములు ఒరగదోసి ఇసుకలో పారబోశారు. ఆ నీళ్లు పారుతున్న చోట నుంచి నేను కాళ్లు వెనక్కి తీసుకున్నాను.

ఆఫీసరుగారు ఫోన్‌లో నన్ను కడిగేశారు. రిపోర్టు ఇచ్చాక వెనక్కి తీసుకుంటే రేపటి నుంచి ఈ ల్యాబును ఎవరు నమ్ముతారని అడిగారు. ఆయన భయం కూడా న్యాయమైనదే. అయినా నేను మాట్లాడటం అయిపోయాక, మధ్యాహ్నానికల్లా నీళ్ల ట్యాంకరు, సెలైన్ సీసాలతో డాక్టర్ల బృందం ఆ ఊరికి వచ్చాయి. పంపింది ఆయనే. 

నర్సు జబ్బుపడ్డవాళ్ల దగ్గర కొత్త శాంపిళ్లు తీసింది. పెట్టెను ఈసారి నేనే ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. రేవు దగ్గర వ్యాను మనిషి జీపు ఆపి, కిటికీలోంచి పెట్టె వైపు చూసి, "దీనికి ఏం వెయ్యమంటారు మేడం?" అని అడిగాడు. ఏమీ వద్దన్నాను. అతను తన తువ్వాలు మడిచి, పెట్టె కింద మెత్తగా ఉంటుందని ఇచ్చాడు.

ల్యాబుకు వచ్చి పళ్లేలు ఇంక్యుబేటరులో పెట్టేసరికి చీకటి పడుతోంది. అప్పుడే ఫోన్ మోగింది.

"అక్కా, మాయనకి మొదులయ్యింది."

అంతే అన్నది. ఏడవలేదు. అంబులెన్సులో ఎక్కించామని చెప్పి పెట్టేసింది.

మరుసటి రోజు ఇంక్యుబేటరు తలుపు తీసేటప్పుడు నా కళ్లు మూసుకుని తీశాను. నవ్వకండి, నిజం. ఆకుపచ్చ పళ్లెం మీద పసుపుపచ్చటి చుక్కలు నిండుగా లేచి ఉన్నాయి. డాక్టరమ్మ నా పక్కనే నిలబడి చూసింది. మిగతా పరీక్షలూ అదే చెప్పాయి. భయపడింది నిజమైతే మనిషికి ఏడుపు రావాలి, మాకు మాత్రం ఊపిరి వచ్చింది. ఉన్నది ఏమిటో తెలిసింది కాబట్టి, ఏం చేయాలో తెలిసింది. అలాంటి ఉద్యోగం మాది. 

ఇప్పుడు మీకు ఇచ్చే పెట్టెల్లో కొన్నింటి మీద ఎర్ర రంగుతో పీత బొమ్మ ఉంటుంది. ఎందుకని కొత్తవాళ్లు నవ్వుకుంటారు. ఆ బొమ్మ డాక్టరమ్మ వేయించింది. ఆశా వర్కర్ల శిక్షణకు అప్పటి నుంచి చేపల వ్యాన్ల వాళ్లను, పడవల వాళ్లను కూడా పిలిచాం. ఆ వ్యాను మనిషి ముందు వరసలో కూర్చునేవాడు.

పళ్లెంలో చుక్కలు లేచిన ఆ రోజు మధ్యాహ్నం నేను ఆస్పత్రికి వెళ్లాను. వార్డు గుమ్మం దాకా వెళ్లి లోపలికి పోవడానికి ధైర్యం చాలలేదు. లోపల మంచం ఖాళీగా ఉంటే నేనేం చేయాలి? గోడ పట్టుకుని నిలబడ్డాను. ఆశా వర్కరు నన్ను చూసి చెయ్యి పట్టి లోపలికి తీసుకెళ్లింది.

ఆయన మంచం మీద ఉన్నాడు. రెండు చేతులకూ సెలైన్ ఎక్కుతోంది. బుగ్గలు లోపలికి పోయాయి, మీసం ఒక్కటే పాత మనిషిలా ఉంది. నన్ను చూసి పెదవులు కదిపాడు. వినబడక దగ్గరికి వంగాను.

"పీత బతికే వొచ్చిందా అమ్మా?"

"వచ్చిందన్నా. బతికే వచ్చింది."

ఆయన కళ్లు మూసుకున్నాడు. కాసేపు ఊపిరి పీల్చుకుని, భార్య వైపు తల తిప్పాడు.

"అయితే దినానికి వొచ్చినోళ్లు బతికినట్టే" అన్నాడు.